అమ్మ మానేసిన మాత్ర, అమ్మ నమ్మిన మాత్ర

మా అమ్మ వాట్సాప్‌లో నాకు పంపేవి మూడే మూడు. పొద్దున్నే దేవుడి ఫొటో, మధ్యాహ్నం ఏదో ఒక చిట్కా వీడియో, ఆరు నెలలకోసారి బ్లడ్ టెస్ట్ పీడీఎఫ్. ఆ పీడీఎఫ్ కింద ఎప్పుడూ ఒకటే మాట: "అన్నీ నార్మలే అన్నారు నాన్నా. నువ్వు టైముకి తిను." నేను ఒక బొటనవేలి బొమ్మ పెట్టేసి పనిలో పడిపోతాను. మీలో చాలామంది చేసేదీ ఇదే అనుకుంటా.

పోయిన ఏడాది మాత్రం ఒకసారి ఆ పీడీఎఫ్ తెరిచాను. కారణం చిన్నదే. అదే వారం మా ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్ రిపోర్టు నాకూ వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే ఒక లైను అచ్చు గుద్దినట్టు ఒకేలా కనిపించింది. సీరమ్ క్రియాటినిన్: 1.2. నాకూ అంతే, అమ్మకీ అంతే. అమ్మ రిపోర్టులో పక్కన నార్మల్ రేంజ్ అని 0.6 నుంచి 1.4 వరకు వేసి ఉంది. ఎర్ర అక్షరాలు లేవు, చుక్క గుర్తు లేదు.

నా రిపోర్టులో దాని కింద ఇంకో లైను ఉంది. ఈజీఎఫ్‌ఆర్: 84. అమ్మ రిపోర్టులో ఆ లైనే లేదు. ఎంతుంటుందో చూద్దామని ఫోన్‌లో ఈజీఎఫ్‌ఆర్ కాలిక్యులేటర్ తెరిచి అమ్మ వివరాలు కొట్టాను. వయసు 58, స్త్రీ, క్రియాటినిన్ 1.2.

52 అని వచ్చింది.

తప్పు కొట్టానేమో అని మళ్ళీ కొట్టాను. మళ్ళీ 52. ఆ శుక్రవారం రాత్రే తణుకు బస్సెక్కాను.

ఒకే అంకె, రెండు అర్థాలు

క్రియాటినిన్ అంటే మన కండరాలు రోజూ తయారుచేసే ఒక వ్యర్థం. కిడ్నీలు దాన్ని రక్తంలోంచి వడగట్టి యూరిన్‌లో బయటికి పంపేస్తాయి. కిడ్నీల పని మందగిస్తే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. ఇంతవరకు సులువే.

చిక్కంతా ఎక్కడంటే, కండ ఎక్కువున్న మనిషికి క్రియాటినిన్ ఎక్కువ తయారవుతుంది, తక్కువున్న మనిషికి తక్కువ. 28 ఏళ్ళ మగాడి రక్తంలో 1.2 ఉంటే సాధారణంగా కంగారు పడక్కర్లేదు. 58 ఏళ్ళ ఆడమనిషి ఒంట్లో అసలు తయారయ్యేదే తక్కువ. అయినా 1.2 పోగుపడిందంటే బయటికి పంపే పని కుంటుపడిందనే అనుమానించాలి. అందుకే వయసు, ఆడా మగా తేడా కలిపి కిడ్నీల వడపోత ఎంత వేగంగా సాగుతోందో అంచనా కడతారు. అదే ఈజీఎఫ్‌ఆర్. 90, ఆపైన ఉంటే మామూలు. 60 కంటే తక్కువకి పడిపోయి, మూడు నెలలకు మించి అలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు.

మా పనిలో సర్వర్ నుంచి అలర్ట్ రాలేదంటే రెండు అర్థాలుంటాయి. అంతా బాగుందని ఒకటి. అలర్ట్‌కి పెట్టిన హద్దే తప్పని రెండోది. అమ్మ రిపోర్టులో జరిగింది రెండోది. ఆడా మగా, చిన్నా పెద్దా అందరికీ కలిపి ఒకటే రేంజ్ వేసేశారు.

పైగా కిడ్నీలు నోరు విప్పవు. రెండింటిలో కలిపి సుమారు 20 లక్షల చిన్న చిన్న వడపోత యంత్రాలుంటాయి. రోజుకు దగ్గర దగ్గర 180 లీటర్లు వడపోసి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే యూరిన్‌గా వదులుతాయి. కొన్ని పాడైతే మిగిలినవి ఆ పని కూడా నెత్తినేసుకుంటాయి. నొప్పి ఉండదు, జ్వరం రాదు. కాళ్ళవాపు, వాంతులు, ఆయాసం లాంటివి కనపడేసరికి చాలా భాగం పోయి ఉంటుంది.

బిస్కెట్ డబ్బాలో దొరికింది

మా ఇంట్లో మాత్రలన్నీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. పొద్దున కాఫీ తాగుతూ దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. అమ్మకి షుగర్ వచ్చి పన్నెండేళ్ళు. రోజుకు రెండు మెట్‌ఫార్మిన్. డబ్బాలో మాత్రం ఉండాల్సిన దానికంటే చాలా స్ట్రిప్పులు ఉన్నాయి.

"ఇన్ని మిగిలాయేంటమ్మా?"

"పొద్దున్నది వేసుకుంటున్నాలే. రాత్రిది మానేశా."

"ఎందుకు?"

"కిడ్నీలు పోతాయంట్రా. మీ పెద్ద మావయ్యని చూశావుగా. ఇరవై ఏళ్ళు మింగాడు. ఏమైంది చివరికి?"

పెద్ద మావయ్య అంటే అమ్మ వాళ్ళ అన్నయ్య. వారానికి మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగేసి గంటలు డయాలసిస్ మీద ఉండేవాడు. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డబ్బుల బాధ కొంత తప్పింది. ఆ కుర్చీ బాధ తప్పలేదు. మూడేళ్ళ కిందట పోయాడు. ఆయన పోయాక ఆ ఇంట్లో మిగిలిన నమ్మకం ఒక్కటే: షుగర్ మాత్రలే కిడ్నీలు తినేశాయని.

డబ్బా అడుగున ఒక కాగితం పొట్లం ఉంది. అందులో సగం వాడిన స్ట్రిప్పులు. వెనక్కి తిప్పి చూస్తే ఎసిక్లోఫెనాక్ అని ఉంది.

"ఇవేంటి?"

"మోకాళ్ళకి. మన మెడికల్ షాపబ్బాయి ఇస్తాడు. ఒక్కటేస్తే గంటలో లేచి తిరుగుతా. ఇవి షుగర్ మాత్రలు కాదుగా, వీటికేం కాదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళవుతుందేమో. రోజూ కాదులే. ఎక్కువ రోజులు."

నాకు నోట మాట రాలేదు. కిడ్నీల కోసమని అమ్మ మానేసింది వాటిని కాపాడే మాత్రని. ఏ భయమూ లేకుండా వేసుకుంటున్నది వాటిని దెబ్బతీసే మాత్రని. మన ఇళ్ళలో ఇది ఒక్క మా అమ్మ కథే అయితే ఈ వారం దీని గురించి రాసేవాణ్ణి కాదు.

గొడుగు వల్ల వాన పడదు

గొడుగులు ఎక్కువ కనపడిన రోజే వాన పడుతుంది. అలాగని గొడుగులే వాన తెచ్చాయని ఎవరూ అనం. షుగర్ మాత్రల విషయంలో మాత్రం అదే అంటున్నాం. ఎక్కువ ఏళ్ళు మాత్రలు వాడినవాళ్ళకి కిడ్నీలు పోయాయంటే, వాళ్ళకి ఎక్కువ ఏళ్ళు షుగర్ ఉందన్నమాట. కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీసేది ఆ షుగరే.

ఇది ఊరికే వాదన కోసం చెప్తున్న మాట కాదు. బ్రిటన్‌లో 1977లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. కొత్తగా టైప్ 2 షుగర్ బయటపడిన 5,102 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. 1998లో ఫలితాలు వచ్చాయి. మందులతో షుగర్‌ని గట్టిగా అదుపు చేసినవాళ్ళలో కళ్ళు, కిడ్నీల్లాంటి చోట్ల చిన్న రక్తనాళాలు దెబ్బతినడం 25 శాతం తగ్గింది. అంటే ఎక్కువ మందు వాడిన గుంపుకే నష్టం తక్కువ. మాత్రలే కిడ్నీలు తింటాయన్నది నిజమైతే లెక్క తిరగబడి ఉండాలి కదా.

మరి ఈ భయం ఎక్కడినుంచి వచ్చింది? అందులో ఒక చిన్న నిజం ఉంది. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచెయ్యదు. కానీ కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిని ఉంటే అది ఒంట్లోంచి బయటికి పోలేక పేరుకుపోతుంది. అందుకే ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు. "కిడ్నీ బాలేదు, ఈ మాత్ర ఆపండి" అన్న మాట ఇంటికొచ్చేసరికి "ఈ మాత్ర వల్లే కిడ్నీ పోయింది" అయిపోతుంది.

పెద్ద మావయ్య విషయంలో ఇంకో సంగతి ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది. డయాలసిస్ మొదలవడానికి ఏడాది ముందు ఆయన షుగర్ దానంతటదే తగ్గడం మొదలుపెట్టింది. ఇన్సులిన్ సగానికి తగ్గించినా సరిపోయేది. ఇంట్లో అందరం సంతోషించాం. ఏదో కషాయం పనిచేసిందనుకున్నాం. అసలు జరిగిందేంటంటే, ఒంట్లో పని ముగించుకున్న ఇన్సులిన్‌ని బయటికి పంపే పనిలో కిడ్నీలకూ వాటా ఉంది. అవి చతికిలబడితే ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లోనే ఉండిపోయి షుగర్ పడిపోతుంది. పాత షుగర్ పేషెంటుకి మందులు మార్చకుండా, తిండి మార్చకుండా షుగర్ తగ్గిపోతుంటే స్వీట్లు పంచకండి. కిడ్నీ టెస్ట్ చేయించండి.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

కిడ్నీ జబ్బంటే మన తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడి కష్టం వేరు. అది షుగర్ వల్ల వచ్చేది కాదు. కానీ మన దేశం మొత్తం మీద చూస్తే కిడ్నీలు దీర్ఘకాలంగా దెబ్బతినడానికి మొదటి కారణం షుగరే. షుగర్ ఉన్న ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీ సమస్య వస్తుంది. ఆ ఒకరు ఎవరన్నది కొన్ని విషయాల మీద ఆధారపడి ఉంటుంది. అమ్మతో కూర్చుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వెళ్ళాను.

మన చేతిలో లేనివి రెండు. ఎన్నేళ్ళుగా షుగర్ ఉంది అన్నది మొదటిది. అమ్మకి పన్నెండేళ్ళు, టిక్కు. రెండోది వంశం. తోబుట్టువుకో, తల్లిదండ్రులకో షుగర్ వల్ల కిడ్నీలు పోయి ఉంటే మనకీ ప్రమాదం ఎక్కువ. పెద్ద మావయ్య ఉన్నాడు, మళ్ళీ టిక్కు.

మిగతావన్నీ ఎంతో కొంత మన చేతిలో ఉన్నవే. షుగర్ అదుపు మొదటిది. అమ్మ మూడు నెలల సగటు షుగర్ 8.6 ఉంది. రాత్రి మాత్ర మానేస్తే ఇంకేముంటుంది?

రెండోది బీపీ. దీన్ని మనం షుగర్ అంత సీరియస్‌గా తీసుకోం. కిడ్నీ వడపోత మీద ఒత్తిడి పెంచేది ఇదే. బ్రిటన్ అధ్యయనంలోనే బీపీని గట్టిగా అదుపు చేసినవాళ్ళలో చిన్న రక్తనాళాల నష్టం 37 శాతం తగ్గింది. షుగర్ అదుపుతో వచ్చిన లాభం కంటే ఇది ఎక్కువ. షుగర్ ఉన్న చాలామందికి 130/80 కంటే తక్కువ ఉంచుకోమంటారు.

మూడోది పొగ. సిగరెట్, చుట్ట, బీడీ ఏదైనా సరే. నాలుగోది బరువు, ముఖ్యంగా పొట్ట. ఐదోది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళని రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటుంది. అంటే సుమారు ఒక చెంచాడు. ఆవకాయ, అప్పడం, వడియాలు, పెరుగులో మళ్ళీ ఇంకాస్త ఉప్పు వేసుకునే మనం అక్కడ ఎక్కడ ఆగుతాం?

ఆరోది నొప్పి మాత్రలు. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎప్పుడో ఒకటి వేసుకుంటే ఆరోగ్యవంతుడికి పెద్దగా ఏమీ కాకపోవచ్చు. షుగర్, బీపీ ఉండి, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతూ, ఎండాకాలంలో నీళ్ళు సరిగ్గా తాగకుండా నెలల తరబడి మింగితే మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది. ఏం కలిపారో తెలియని పసరు మందులు, భస్మాల సంగతి కూడా అంతే. కొన్నింట్లో సీసం, పాదరసం లాంటివి ఉంటాయి.

ఇంకొక సూచన కంట్లో ఉంటుంది. షుగర్ వల్ల కంటి వెనక రెటీనా దెబ్బతిన్నదని కంటి డాక్టర్ చెప్తే, అదే రకం సన్నటి రక్తనాళాలు కిడ్నీలోనూ ఉన్నాయని గుర్తుపెట్టుకోవాలి.

యూరిన్ చెప్పిన నిజం

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. 52 అంకె చూసి ఆవిడ కంగారు పడలేదు. "ఒక్క టెస్టుతో ఏదీ ఖాయం కాదు. ముందు ఆ నొప్పి మాత్రలు ఆపండి. యూరిన్ ఏసీఆర్ ఎప్పుడు చేయించారు?" అని అడిగారు.

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా చేయించలేదు.

ఏసీఆర్ అంటే యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత కారుతోందో చూసే టెస్ట్. బాగున్న జల్లెడలోంచి అల్బుమిన్ దాదాపు జారదు. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటుంటే చాలామందిలో క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ళ ముందే ఇది బయటపడుతుంది. 30 లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే జల్లెడకి చిల్లు పడుతున్నట్టు. 300 దాటితే పెద్ద చిల్లే. మామూలు యూరిన్ టెస్టులో "అల్బుమిన్ నిల్" అని వచ్చినా సరిపోదు. కొద్ది మోతాదులు అందులో దొరకవు. ఏసీఆర్ అని ప్రత్యేకంగా అడగాలి. జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు, బాగా వ్యాయామం చేసిన మర్నాడు చేయిస్తే అంకె ఊరికే పెరిగి కనపడొచ్చు. అందుకే రెండు మూడు సార్లు చేసి చూస్తారు.

అమ్మకి మొదటిసారి 190 వచ్చింది.

డాక్టరమ్మ అమ్మ వైపు తిరిగి, "మీ అన్నయ్యగారు బీపీ మాత్రలు సరిగ్గా వేసుకునేవారా అమ్మా?" అన్నారు.

"తలనొప్పి వచ్చినప్పుడు వేసుకునేవాడండీ."

"సిగరెట్లు?"

అమ్మ తల దించుకుంది. "చివరిదాకా మానలేదు."

ఆవిడ ఇంకేం అనలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చాలాసేపు మౌనంగా కూర్చుని, "అయితే మాత్రలు కాదన్నమాట," అంది అమ్మ. మూడేళ్ళుగా ఆవిడ మోస్తున్నది ఒక తప్పు లెక్క. దాన్ని దించడానికి నా కాలిక్యులేటర్ సరిపోలేదు. ఆ రెండు ప్రశ్నలు కావాల్సొచ్చాయి.

మందులు కొన్ని మారాయి. బీపీకి వాడే టెల్మిసార్టాన్ మోతాదు పెంచారు. ఈ రకం మందులు బీపీ తగ్గించడంతో పాటు అల్బుమిన్ కారడాన్నీ తగ్గిస్తాయి. మార్చిన రెండు మూడు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ మళ్ళీ చూశారు. డాపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో మాత్ర రాశారు. కిడ్నీ జబ్బు ఉన్న 4,304 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. కిడ్నీ పని సగానికి పైగా పడిపోవడం, పూర్తిగా ఆగిపోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, ఇవన్నీ కలిపి లెక్కేస్తే ఈ మందు వాడినవాళ్ళలో ప్రమాదం 39 శాతం తక్కువ. మన దేశంలో దాని పేటెంట్ అయిపోయి చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. అలాగని ఇది చదివి సొంతంగా కొనుక్కోకండి. ఎవరికి సరిపోతుందో, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

మూడు నెలల తర్వాత క్రియాటినిన్ 1.1, ఈజీఎఫ్‌ఆర్ 58. ఏసీఆర్ 120కి తగ్గింది. సంబరపడేంత ఏమీ లేదు. 60 దాటలేదు కాబట్టి జబ్బు ఉన్నట్టే. పోయిన భాగం తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే. మోకాళ్ళ నొప్పి కూడా పూర్తిగా పోలేదు. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామాలు నేర్చుకుంది, మరీ తప్పనప్పుడు డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకుంటుంది. మెట్ల మీద ఇప్పటికీ ఆగి ఆగి ఎక్కుతుంది.

ఈ ఆదివారం ఒక పని

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే వాళ్ళ పాత పీడీఎఫ్‌లు తెరవండి. రెండు లైన్లు వెతకండి: ఈజీఎఫ్‌ఆర్, యూరిన్ ఏసీఆర్. టైప్ 2 షుగర్ అయితే బయటపడిన ఏడాది నుంచే ఈ రెండూ ఏటా చేయించాలి. ఎందుకంటే బయటపడే నాటికే అది లోపల కొన్నేళ్ళుగా ఉండి ఉండొచ్చు. టైప్ 1 అయితే ఐదేళ్ళ తర్వాత నుంచి ఏటా. ఖర్చు కొన్ని వందల రూపాయలు. ఆ తర్వాత మాత్రల డబ్బా ముందేసుకుని కూర్చోండి. ఏది మిగిలిపోయిందో, ఏది అయిపోతోందో చూడండి. కోప్పడకుండా అడగండి. వాళ్ళ భయం వెనక ఒక మనిషి ఉండి ఉంటాడు, మా పెద్ద మావయ్య లాగా.

నా రిపోర్టులో నేను చూడకుండా దాటేసిన లైను కూడా ఒకటుంది. మూడు నెలల సగటు షుగర్: 5.9. షుగర్ కాదు, షుగర్‌కి ముందు మెట్టు. 5.7 నుంచి 6.4 వరకు ఆ మెట్టే. 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10.1 కోట్లు, ఈ ముందు మెట్టు మీద నిలబడ్డవాళ్ళు 13.6 కోట్లు. అందులో నేనొకణ్ణి. కుర్చీలో పది గంటలు, రాత్రి పదకొండుకి బిర్యానీ, అమ్మ వైపు వంశం. నా టిక్కులు నాకున్నాయి.

మొన్న అమ్మ నుంచి కొత్త పీడీఎఫ్ వచ్చింది. కింద ఈసారి "అన్నీ నార్మలే" అని లేదు. "ఏసీఆర్ 95 వచ్చింది. ఈజీఎఫ్‌ఆర్ అలాగే ఉంది. రెండు పూటలా వేసుకుంటున్నా. నీ 5.9 మళ్ళీ చూపించుకున్నావా?" అని ఉంది.

బొటనవేలి బొమ్మ పెట్టబోయి ఆగాను. శనివారం పొద్దున పరగడుపున ల్యాబ్‌కి వెళ్తున్నానని రాశాను. వెళ్తున్నాను కూడా.